మెట్ట అనగా

మా పంచాయతీ సెక్రటరీ భవానీప్రసాద్ మంచివాడే. డిగ్రీ చదివాడు, కొత్త ఉద్యోగం, ఇస్త్రీ నలగని చొక్కా, ఒళ్లంతా ఉత్సాహం. ఆ ఉత్సాహమే కొంప ముంచుతుంది. ఆ సెప్టెంబరు ఆదివారం పొద్దున ఏడున్నరకి ఊరి వాట్సాప్ గ్రూపులో అతను పెట్టిన మెసేజీ చూడగానే నా చేతిలో కాఫీ చీర మీద ఒలికింది. “మున్నేరు ఉధృతంగా ఉన్నది. పల్లపు ప్రాంతాల వారు వెంటనే మెట్టకు వెళ్లవలెను.” దాని కింద అప్పటికే పదహారు మంది దణ్ణం బొమ్మలు పెట్టారు.

మా ఊళ్లో మెట్ట అంటే ఒక్కటే, వాగు అవతలున్న మెట్టచేను. సాగర్ కాలవ నీళ్లు వాగు దాటి అటు పోవు. వాన పడితేనే పంట, అందుకని దాని పేరు మెట్ట. అంతే! అది ఎత్తూ కాదు, గుట్టా కాదు. అన్నం కంచంలా మధ్యలో లోతుగా ఉంటుంది. పదేళ్ల కింద దాన్ని ప్లాట్లు వేసి అమ్మితే ముప్పై ఇళ్లు లేచాయి. నిజంగా ఎత్తయిన చోటు ఊరికి ఇవతల ఉంది. ఎప్పుడో పాతకాలపు ఊరు కూలిపోయి దిబ్బ అయింది, దాన్ని పాటిదిబ్బ అంటారు. మా హైస్కూలు దాని మీదే ఉంది. కాకపోతే తాతల నాటి నుంచీ రైతులు అక్కడి మట్టి తవ్వి పొలాలకు తోలుకుని చుట్టూ గుంటలు చేశారు కాబట్టి దాన్ని గుంటబడి అంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని ఊరికే అన్నారా! మా దగ్గర దిబ్బ పేరు గుంట, పల్లం పేరు మెట్ట. ఇట్లాంటి ఊళ్లో ఇరవై నాలుగేళ్లుగా నేను సోషల్ టీచర్ని. నా ఖర్మ.

భవానీప్రసాద్‌కి ఫోన్ చేశాను.

“ఏం బాబూ, జనాన్ని మెట్టకి పొమ్మన్నావేంటి?”

“పైనుంచి వచ్చిన మెసేజీలో ఎత్తయిన ప్రాంతాలకు అనుందండి మేడమ్. మనవాళ్లకి అర్థమవ్వాలని నేనే తెలుగులో మెట్ట అని మార్చానండి.”

“ఎత్తయిన అనేది తెలుగు కాదా నాయనా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ముందు దాన్ని తీసెయ్. అందరూ గుంటబడికి రమ్మని పెట్టు.”

“వరదొస్తంటే గుంటలోకి రమ్మంటే ఎవరొస్తారండి మేడమ్? నేనొచ్చి చూద్దామన్నా నందిగామలో ఇరుక్కుపోయానండి. హైవే మీద నీళ్లంట, కీసర దాకా బళ్లు ఆగిపోయినయ్యంట...”

లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. నాకు ఊరి సంగతి తర్వాత, ముందు ఆసిఫా గుర్తొచ్చింది.

ఆసిఫా నా శిష్యురాలు. టెన్తులో సోషల్‌కి తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్ల. ఇప్పుడు మెట్టచేలో రెండో వరసలో ఉంటోంది. మొగుడు హారూన్ లారీ డ్రైవరు, శనివారం నుంచీ గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీలోనే కూర్చుని ఉన్నాడు, రావడానికి దారి లేదు. ఇంట్లో ఉన్నది ఆసిఫా, పక్షవాతం వచ్చి రెండేళ్లుగా మంచం మీదే ఉన్న వాళ్లత్త వాజిదా. మెట్టకీ ఊరికీ మధ్య వాగు మీద ఒక చప్టా ఉంది, పిట్టగోడ కూడా లేని సిమెంటు దారి. అది మునిగిందంటే కాళ్లున్నవాళ్లు ఏ డాబానో ఎక్కుతారు. ఆసిఫాది రేకుల ఇల్లు. ఆ మంచాన్ని ఎక్కడికి ఎక్కిస్తుంది?

ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తింది. వెనకాల ఒకటే సందడి.

“భయమేం లేదు టీచర్. ఊళ్లోవాళ్లు కూడా మా దగ్గరికే వస్తున్నారు. పదిహేనుమందికి టీ పెడుతున్నా.”

“టీ పారబోసి మీ అత్తని తీసుకుని బడికి రా. ఇప్పుడే.”

“గుంటబడికా?” అని నవ్వింది. “మెట్ట దిగి గుంటలోకి రమ్మంటారేంటి టీచర్! మీరే కదా చెప్పారు. ఎనిమిదో తరగతి, నాలుగు మార్కుల ప్రశ్న. మెట్ట అనగా సముద్ర మట్టమునకు ఎత్తున ఉండి, వరద ముంపునకు గురికాని ప్రాంతము. ఉదాహరణ, జగ్గయ్యపేట, నందిగామ.”

ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. అవును, నేను చెప్పి రాయించిన నోట్సే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరి గైడులోంచో ఎక్కించుకున్నాను, అప్పటినుంచీ ఏటా అదే రాయిస్తున్నాను. జిల్లా మొత్తాన్ని చూస్తే ఆ మాట దాదాపు నిజమే. సముద్రం పక్క డెల్టాతో పోలిస్తే మేం ఎత్తే. కానీ మా వాగు పక్కనున్న కంచానికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఆ పిల్ల మీద ఒళ్లు మండింది. నా మీద అంతకంటే మండింది. గొడుగు తీసుకుని బయల్దేరాను.

దారిపొడుగునా జనం నాతోపాటే నడుస్తున్నారు. మూటలు, మేకలు, ఒకావిడ చంకలో కోడి. “టీచరుగారూ, మీరూ మెట్టకేనా?” అని ఆప్యాయంగా పలకరింపులు. “వెనక్కి పొండి, అది పల్లం” అని అరుస్తూనే ఉన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఒకాయనైతే “టీచరుగారికి ఆదివారం కూడా బడి గోలే” అని నవ్వాడు.

చప్టా మీద డేవిడ్‌రాజు నిలబడి ఉన్నాడు. మెట్టలో మొదటి ఇల్లు అతనిదే. ఎవరూ చెప్పకపోయినా కాపలా పెట్టుకున్నాడు. ఎగువ వైపు ఒక కర్ర పాతి దాన్నే రెప్పవేయకుండా చూస్తున్నాడు. వాగు చెరకుతోటల మీదుగా వచ్చేది అటునుంచే. నీళ్లు చప్టాకి జానెడు కింద ఉన్నాయి.

“పైనుంచి వచ్చేప్పుడు కేకేస్తానండి టీచరుగారూ. మీరు నిమ్మళంగా ఎళ్లండి.”

“పైనుంచి కాదయ్యా, ఈ నీళ్లు కిందనుంచి వస్తాయి. అటు తిరుగు.”

“కిందనుంచా!” అని నన్ను జాలిగా చూశాడు. “నీళ్లు పల్లానికి పోతయ్యి గానీ, పల్లంనుంచి ఎక్కుతయ్యా అండి?”

అతనికి చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కోస్తా అని పేరేగానీ మా ఊళ్లో సగం మంది సముద్రం చూడలేదు. ఎక్కడో కొండల్లో పడిన వాన సముద్రంలో కలవాలంటే మా పక్కనుంచే పోవాలి. మా వాగు మున్నేట్లో, మున్నేరు కృష్ణలో, కృష్ణ సముద్రంలో కలవాలి. కృష్ణ నిండుగా ఉంటే మున్నేటికి దారి ఇవ్వదు. రేషన్ షాపు గుమ్మంలో ముందువాడు కదలకపోతే వెనకున్న వరసంతా ఆగి, ఉబ్బి, వీధిలోకి వచ్చినట్టే. మున్నేరు ఆగి మా వాగులోకి ఎగదన్నుతుంది.

“ఎగదన్నటానికి అదేమన్నా గేదెనా అండి?” అన్నాడు డేవిడ్‌రాజు, ఎగువ వైపు నుంచి చూపు తిప్పకుండానే.

ఆసిఫా ఇంటి వసారా కిటకిటలాడుతోంది. అందరి చేతుల్లో టీ గ్లాసులు, పెళ్లివారి విడిదిలా ఉంది. మూలన మంచం మీద వాజిదా, దుప్పటి గడ్డం దాకా కప్పుకుని ఉంది. నేను గొంతు చించుకుని అందర్నీ లేవమన్నాను. ఒక్కరు కదిలితే ఒట్టు. ఆసిఫా నా చేతికి కూడా గ్లాసు ఇవ్వబోయింది.

“టీచర్, అత్తమ్మని ఈ వానలో ఎట్టా తెమ్మంటారు? పోయినసారి తడిస్తే నెమ్ము చేసి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచాం. ఇంకోసారి జ్వరమొస్తే తట్టుకోలేదన్నాడు డాక్టరు. మీ అనుమానం కోసం ఆమెని చంపుకోమంటారా?”

తడిస్తే ఒక ప్రమాదం, ఉంటే ఇంకొకటి. మొదటిది ఆ పిల్ల కళ్లారా చూసింది. రెండోది లేదని నేనే రాయించాను.

“సరే, నా మాట వినొద్దు. రెండు నిమిషాలు నాతో వాగు దాకా రా. చూశాక కూడా నాదే తప్పంటే నోరు మూసుకుని ఇంటికి పోతా.”

విసుక్కుంటూ వచ్చింది. వీధి చివర, చప్టా పక్కనే నిలబడ్డాం.

“వాగు ఎటు పారాలి?”

“తూర్పుకి. మున్నేటి వైపు.”

“ఆ గుర్రపుడెక్క ఎటు పోతోంది?”

పచ్చటి గుర్రపుడెక్క గుత్తి ఒకటి, దాని వెనకే నీలం రంగు చెప్పు ఒకటి, మా ముందునుంచి మెల్లగా, చప్పుడు లేకుండా పడమరకి పోతున్నాయి. ఆసిఫా చెప్పును చూసింది. తూర్పుకి చూసింది, మళ్లీ చెప్పును చూసింది.

“టీచర్... నీళ్లు వెనక్కి నడుస్తన్నయ్యి.”

నేను జవాబు చెప్పేలోపే పరుగెత్తింది. ఆ పిల్లకి అంత గొంతుందని నాకు తెలియదు. “లెగండి! లెగండి! వాగు ఎదురెక్కుతంది! గ్లాసులు అక్కడ పడేసి లెగండి!” అని వీధంతా అరుచుకుంటూ పోయింది. నేను గంటనుంచి అరిస్తే నవ్వినవాళ్లు, టీ పోసిన పిల్ల అరిస్తే లేచారు. డేవిడ్‌రాజు అప్పటికి తూర్పుకి తిరిగాడు. “ఓరి దేవుడో, నా వీపెనకే ఉందే!” అని కర్ర పీకి పారేసి వచ్చాడు.

మంచాన్ని నలుగురు ఎత్తారు, ముందు కుడికోడు డేవిడ్‌రాజుది. వాజిదా మీద యూరియా బస్తాలు కుట్టిన పట్టా కప్పి, దాని అంచులు ఆసిఫా పట్టుకుని పక్కనే నడిచింది. చప్టా ఎక్కేసరికి నీళ్లు చీలమండల మీదున్నాయి, సగం దాటేసరికి పిక్కల దాకా వచ్చాయి. అంచు కనబడటం లేదు. అక్కడ డేవిడ్‌రాజు కాలు అంచు మీదనుంచి జారింది. మంచం ఒక పక్కకి ఒరిగింది. వాజిదా జారిపోతూ ఒక్క చెయ్యి లేపింది, ఆడే చెయ్యి అదొక్కటే. ఆసిఫా పట్టా వదిలేసి ఆమె మీద పడి నడుముని కావలించుకుంది. నేను గొడుగు విసిరేసి డేవిడ్‌రాజు చొక్కా కాలరు పట్టుకుని లాగాను. చొక్కా చిరిగింది, మనిషి నిలబడ్డాడు. వాజిదా నిలువునా తడిసిపోయింది.

పన్నెండయ్యేసరికి అందరం గుంటబడికి చేరాం. మెట్ల మీదనుంచి చూస్తే చప్టా ఎక్కడుందో తెలియలేదు. మెట్టచేలో రేకుల కప్పులు మాత్రం ఆగిన బస్సుల్లా నీళ్ల మీద కనబడుతున్నాయి.

ఎనిమిదో తరగతి గదిలో రెండు బెంచీలు కలిపి వాజిదాని పడుకోబెట్టాం. ఆఫీసు రూములోంచి జెండా పండగకి కప్పే తెల్లటి బల్లగుడ్డలు తెచ్చి ఒళ్లు తుడిచి చుట్టాం. ఆసిఫా ఆమె అరికాళ్లు రుద్దుతూ కూర్చుంది. వణుకు తగ్గింది గానీ ఒళ్లు వెచ్చబడుతోందేమోనని నిమిషానికోసారి నుదురు తాకి చూస్తోంది. చాలాసేపు నా వైపు చూడలేదు. చూసినప్పుడు మెల్లగా అంది.

“ఆ ప్రశ్నకి నాకు నాలుగుకి నాలుగు వచ్చినయ్యి టీచర్. మీరే దిద్దారు.”

“ఇప్పుడా ఆ గొడవ!” అని కసురుకున్నాను. కసురుకోవడం నాకు తెలిసిన విద్య. ఆ పిల్ల మాత్రం ఎత్తిపొడవడం లేదు, ఉన్నమాట చెబుతోంది. అది ఇంకా నొప్పి.

అప్పుడే ఫోన్ మోగింది. నాగశ్రీ. ఏడేళ్ల కిందటి బ్యాచ్, పెళ్లయి వైరా ఏటి ఒడ్డున ఒక ఊళ్లో ఉంటోంది.

“టీచర్, మీ ఊరు మునిగిందంట కదా! మీరెట్టా ఉన్నారు? మా గురించి దిగులు పెట్టుకోకండి. మా వీధివాళ్లందర్నీ నేనే మెట్టకి తీసుకొచ్చేశా. మా అత్త రానంటే, మా పుష్పవతి టీచర్ చెప్పింది, మెట్టకి వరద రాదు, పరీక్షలో కూడా వచ్చింది అని లాక్కొచ్చా.”

సంతోషంగా చెబుతోంది. శభాష్ అంటానని ఎదురుచూస్తోంది.

“టీచర్? వినపడతందా?”

“నాగశ్రీ, అక్కడ వాగు గానీ కాలవ గానీ ఏదన్నా ఉందా? నీళ్లు ఎటు పోతున్నాయో చూసి చెప్పు. పరుగెత్తు.”

బురదలో అడుగుల చప్పుడు, పిల్లల కేకలు. ఆసిఫా రుద్దడం ఆపి నన్నే చూస్తోంది.

“వెనక్కి పోతన్నయ్యి టీచర్. అదేందీ?”

“అందర్నీ లేపు. మీ ఊళ్లో అన్నిటికంటే ఎత్తు ఏది? పేరు చెప్పకు, ఎత్తు చెప్పు.”

“శ్మశానం దిబ్బ ఉంది. కానీ అది శ్మశానం కదా టీచర్, మా అత్త...”

“అక్కడికే పో. మీ అత్తని ఎత్తుకెళ్లు. బతికుండగా వెళ్తే ఏం కాదు, పో!”

లైను తెగింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. బ్యాచ్‌కి నలభై మంది, ఇరవై నాలుగు బ్యాచ్‌లు. కంచికచర్ల నుంచి జగ్గయ్యపేట దాకా ఏ ఏటి ఒడ్డున ఎంతమంది ఆడపిల్లలు, ఎంతమంది మగపిల్లలు నా నోట్సు మీద నమ్మకం పెట్టుకుని కూర్చున్నారో! ఇరవై నాలుగేళ్లలో ఒక్క పిల్ల దగ్గర కూడా నేను తప్పని ఒప్పుకున్న మనిషిని కాదు. ప్రశ్న అడిగితే బెంచీ ఎక్కించిన దాన్ని.

ఆసిఫా లేచి తన ఫోన్ తీసింది. “నా దగ్గర మా బ్యాచ్ నంబర్లన్నీ ఉన్నయ్యి. మీరు మీ ఫోన్లో మొదటినుంచి చేయండి, నేను మావాళ్లకి చేస్తా.”

మొదటి పేరు నొక్కాను. నాలుగు రింగుల తర్వాత ఒక పాత శిష్యుడి గొంతు, నిద్రమత్తులో, “ఎవరండీ?” అంది.

“నేను రా, పుష్పవతి టీచర్ని. ఎనిమిదో తరగతిలో మెట్ట గురించి నేను రాయించింది తప్పు. కొట్టెయ్. కొట్టేసి, బయటికెళ్లి నీళ్లు ఎటు పోతున్నాయో చూసి చెప్పు.”