ముక్కకొక బాలయేసు

యులాలియా బారియెంతోస్‌కు డెబ్బై ఆరేళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి, ఓపిక అంతకంటే ముందే అరిగింది. అందుకే ఈసారి జనవరి ఆరో తేదీ పండగ రొట్టెలో ఒక్క బొమ్మ పెట్టవలసింది, ఎవరికీ చెప్పకుండా ముక్కకొకటి చొప్పున దూర్చేసింది.

నియమం అందరికీ తెలిసిందే. చిక్కుడు గింజంత బాలయేసు బొమ్మ ఎవరి ముక్కలో తగిలితే వాళ్లు ఫిబ్రవరి రెండున ఇంటిల్లిపాదికీ తమాలెలు వండిపెట్టాలి. మొక్కజొన్న పిండి పిసకాలి, పందిమాంసం కూరాలి, పొత్తుల మీది ఆకుల్లో చుట్టి పెద్ద గుండిగలో ఆవిరికి పెట్టాలి. నడుం విరిగే చాకిరీ. విచిత్రం ఏమిటంటే, మెక్సికోలోని మిచోఆకాన్ నుంచి అమెరికాలోని నెబ్రాస్కాకు వచ్చి స్థిరపడ్డాక ఆ ఇంట్లో బొమ్మ ఎవరికీ దొరికిన పాపాన పోలేదు. ఏటా గుండిగ ఎక్కించేది యులాలియానే. ఈసారీ ఎవరూ ఒప్పుకోకపోతే గుండిగను చర్చి సంతకు ఇచ్చేసి, ఆ పండగకే దండం పెట్టేయాలని తీర్మానించుకుంది. తీర్మానించుకుని కాసేపు ఏడ్చింది కూడా.

రొట్టె కోశారు. ఒమాహాలో ఇళ్లు అమ్మే కొడుకు అబెలార్దో నములుతూ నములుతూ ఆగిపోయాడు.

“ఏరా, బుగ్గ వాచిందేం?”

“పన్ను నొప్పమ్మా.”

“అయ్యో పాపం. కాఫీ తాగు, దిగుతుంది.”

కూతురు మారిసెలా ఈమధ్యే పాత చర్చి మానేసి, గిటార్లు వాయించే కొత్త చర్చిలో చేరింది. బొమ్మలన్నీ విగ్రహారాధనేనని పొద్దున్నుంచీ అందరి చెవులూ చిల్లులు పొడిచిన ఆ మహాతల్లి, అదే విగ్రహాన్ని కాగితం రుమాల్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులోకి జారవిడిచింది. ఆమె కూతురు యారెట్సి నర్సు, స్పానిష్ తిండికీ తిట్లకూ సరిపడేంతే వచ్చు. దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ఆ చేతిని మెల్లగా బూటులోకి దింపింది.

నిరుడు యారెట్సిని పెళ్లాడిన గారెట్ మాత్రం లేచి నిలబడ్డాడు. ఊరి బయట మొక్కజొన్న రైతుల బిడ్డ, మొహం ఎర్రగా వెలిగిపోతోంది. వచ్చీరాని స్పానిష్‌లో అన్నాడు:

“అమ్మమ్మగారూ, చిన్న యేసు నా దగ్గర వచ్చాడు. నేను చాలా సంతోషం.”

అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టారు.

“అయితే గుండిగ అతనిదే. ఇవాళే పట్టుకుపోతాడు,” అంది యులాలియా.

చప్పట్లు ఆగిపోయాయి.

“అమ్మా, వాళ్లింట్లో ఉప్పు వేస్తేనే కారమంటారు. తమాలెలో మయొనీస్ కూరతాడు,” అన్నాడు అబెలార్దో, పంటి నొప్పి మరిచిపోయి.

“కూరనీ. ఒప్పుకున్నవాడు ఏం పెట్టినా తింటాను. ముక్కకొక బొమ్మ పెట్టాన్రా నేను. దొంగ మొహాల్లారా, తీయండి బయటికి.”

బుగ్గలోంచి ఒకటి, బ్యాగులోంచి ఒకటి, బూటులోంచి ఒకటి వచ్చి పళ్లెంలో పడ్డాయి. గారెట్ తనదీ వాటి పక్కన పెట్టి, వేలితో లెక్కపెట్టాడు.

“ముక్కలు ఐదు. బొమ్మలు నాలుగు. మీది ఎక్కడ, అమ్మమ్మగారూ?”

యులాలియా చెయ్యి జాకెట్టులోకి వెళ్లి బొమ్మతో తిరిగి వచ్చింది. ఎప్పుడు దాచిందో ఆమెకే తెలియదు. పంటికి తగలగానే చెయ్యి తన పాత అలవాటు కొద్దీ దాచేసింది.

“అమ్మా, అంటే ఇన్నేళ్లూ నువ్వు కూడానా?” అంది మారిసెలా.

“కొన్నేళ్లే,” అంది యులాలియా. బొమ్మను పళ్లెంలో పెట్టి, “చాలా ఏళ్లు,” అంది.

“ఎలాగూ వండేది నువ్వే కదమ్మా. దాచడం ఎందుకు?”

“ఒక్కసారైనా మీలో ఎవరైనా నాకు దొరికిందని అబద్ధమాడతారేమోనని చూసేదాన్ని.”

అబెలార్దో తల దించుకుని, మాంసం తాను తెస్తానన్నాడు. పిండి తనదంది మారిసెలా. ఆకులు నానబెట్టడం తనకు వచ్చంది యారెట్సి. ఆమెకు రాదని అందరికీ తెలుసు.

సాయంత్రం గుండిగ పొయ్యి మీదే ఉండిపోయింది. దాని మూత మాత్రం యులాలియా గారెట్ చేతికిచ్చింది.

“ఇది లేకపోతే ఆవిరి నిలవదు బాబూ. రెండో తేదీన నువ్వొస్తే గానీ వీళ్లు మొదలుపెట్టలేరు.”

గారెట్ ఆ మూతను కారు ముందు సీటులో కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. యారెట్సి వెనక సీటులో కూర్చుంది.