కాలుతున్న మిల్లు దగ్గర

నిఖా అయి రెండు నెలలైనా లుజైన్ ఇంకా ఇర్బిద్‌లో పుట్టింట్లోనే ఉంది. పెళ్ళి విందు జరిగి, వీధి వీధంతా చూస్తుండగా కారెక్కితే తప్ప కాపురం మొదలైనట్టు కాదు. అందాకా ఖుతైబా ఆమెకు పదిహేను రోజులకోసారి వచ్చే శుక్రవారపు భర్త. అకబా రేవులో క్రేన్ల ఇంజనీరు. ఐదు గంటలు బస్సులో వచ్చి, ముందుగదిలో తలుపు జానెడు తెరిచి ఉంచి, మూడు గంటలు కూర్చుని వెళతాడు.

ఆ మూడు గంటల్లో కబుర్లు ఎన్నో గానీ వాదన మాత్రం ఒకటే. వీడియో గేమ్ అంటే కథ ఉండాలని అతను, తిరగడానికి లోకం ఉండాలని ఆమె.

"నీ ఆటలో నలభై గంటలు గుర్రమెక్కి తిరిగావు. ఎవరు కలిశారు?" అన్నాడొకసారి.

"ఒక మేకల కాపరి. పేరు కూడా అడగలేదు. నీ ఆటలో అయితే ఏడవడానికి కూడా వాళ్ళు పెట్టిన టైముకే ఏడవాలి. అదేం బతుకు, ఇంజనీరు గారూ?"

"ఏడిస్తే పక్కన ఎవరో ఒకరు ఉంటారుగా."

టీ పళ్ళెంతో వచ్చిన తల్లి, ఖాజీ ముందు సరేననడానికి మూడుసార్లు అడిగించుకున్న గొంతు ఇదేనా అని లుజైన్‌ని ఎత్తిపొడిచి వెళ్ళింది.

అకబాలో నలుగురు పంచుకునే గదిలో చోటు లేక ఖుతైబా తన గేమ్ కన్సోల్‌ని ఆమె దగ్గరే ఉంచాడు. ఏడాదిగా ఆడుతున్న కథ అందులో చివరి అధ్యాయం గుమ్మం దగ్గర ఆగి ఉంది. సంబంధం కుదిరిన రోజున ఆపాడట. కొత్తింట్లో మొదటి శుక్రవారం సోఫాలో పక్కపక్కన కూర్చుని ముగిద్దామన్నాడు. ముట్టుకోనని లుజైన్ మాటిచ్చింది.

విందు మూడు వారాలుందనగా ఖుతైబా పెదనాన్న పోయాడు. నలభై రోజులు దాటేదాకా పెళ్ళి మాటే వద్దన్నారు పెద్దలు. శుక్రవారాలన్నీ ఆ ఇంటి పరామర్శలకే పోయాయి. లుజైన్ తన ఆటలో గుర్రమెక్కింది. ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ఎక్కడికెళ్ళినా ఎవరూ లేరు. ఇదివరకు గడ్డి మీద తెల్లవారుజాము వెలుగు పడితే గుర్రాన్ని ఆపి మురిసిపోయేది. ఇప్పుడు చూసి, చెప్పడానికి పక్కకు తిరిగి, ఊరుకుంటోంది.

మూడో శుక్రవారం ఇంటిల్లిపాదీ మఖ్లూబా అన్నం తిని కునుకు తీస్తుంటే ఆమె ఖుతైబా కథ తెరిచింది. అతను వదిలిన చోటు ఒక్కసారి చూద్దామని, అంతే. గుమ్మం ముందు అతని వీరుడు, పక్కన ఒక ముసలి వైద్యుడు. ముసలాయన "వచ్చావా? నీకోసమే చూస్తున్నా" అన్నాడు. ఆ మాట తనతో ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో. ఆమె తలుపు తోసింది.

రెండు గంటల్లో కథ అయిపోయింది. సరిగ్గా వాళ్ళు పెట్టిన టైముకే ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని వెనక్కి వెళ్ళబోతే దారి లేదు. ఎప్పటికప్పుడు పాతది చెరిపేసి కొత్తది దాచుకునే ఆట అది. ఖుతైబా ఆగిన గుమ్మం పోయింది.

ఎవరికీ చెప్పకుండా మొదటి నుంచి ఆడి, మళ్ళీ అదే గుమ్మం దగ్గర నిలబెడదామనుకుంది. కానీ మూడో రోజే కథ ఆమెను నిలదీసింది. మిల్లు కాలుతోంది. లోపల అక్కా, తమ్ముడూ. ఒక్కరినే కాపాడగలవు, ఎవరిని? అతను ఎవరిని కాపాడాడో ఆమెకు తెలియదు. తను కట్టుకున్న మనిషి మంటల్లోకి ఎవరికోసం దూకుతాడో తెలియదు.

ఫోన్ చేసి, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. అవతల క్రేన్ల రొద.

"ముసలాయన బతికాడా?" అన్నాడతను.

"చెప్పను."

"ఏడ్చావా?"

"ఏడ్చాను. పక్కన ఎవరూ లేరు."

"నాకు కోపంగానే ఉంది, లుజైన్. ముగింపు పోయిందని కాదు. ముగిసేటప్పుడు నీ ముఖం చూద్దామనుకున్నా, అది పోయింది."

మిల్లులో ఎవరిని కాపాడావని ఆమె అడిగింది. గుర్తులేదన్నాడు. అప్పుడు ఒక్కణ్ణే ఆడాను, ఎవరికి చెప్పాలని గుర్తుంచుకుంటానన్నాడు.

"మరి ఇప్పుడైతే?"

"ఆలోచించాలి. షిఫ్టు దిగాక చెప్తా. అందాకా కదపకు."

ఆమె కదపలేదు. మిల్లు కాలుతూనే ఉంది, కూలిపోదు. అక్కా తమ్ముడూ వంతులేసుకుని పిలుస్తూనే ఉన్నారు. ఆ పిలుపు వినలేక శబ్దం తగ్గించి, వీరుణ్ణి మిల్లు వెనక్కి నడిపించింది. అక్కడ వాగులో నాలుగు బాతులు, మంటల ఎర్రని వెలుతురులో నెమ్మదిగా ఈదుతున్నాయి. కథకు వాటితో ఏ పనీ లేదు. ఎవరు గీశారో, ఎవరు చూస్తారని గీశారో.

"మిల్లు వెనక బాతులున్నాయి. చూశావా ఎప్పుడైనా?" అని మెసేజ్ పెట్టింది.

ఒక్క టిక్కే పడింది. అతను షిఫ్టు దిగేది ఆరింటికి. ఇప్పుడు మూడు. లుజైన్ వీరుణ్ణి ఒడ్డున కూర్చోబెట్టి, బాతులను మళ్ళీ లెక్కపెట్టింది. గడ్డిలో ఐదోది కనిపించింది.