ప్రూఫు ప్రతిలో మిగిలిన వాక్యం

అక్టోబరు మొదటి గురువారం సాయంత్రం ఏడు గంటలకు అమెరికాలోని డలూత్ ఊళ్ళో ఒక పుస్తకాల షాపులో లోర్నా హెడ్‌స్ట్రమ్ తన ఆరో నవలలోంచి కొన్ని పేజీలు చదివి వినిపించింది. రెండో పేజీ పూర్తి కాకముందే ఆమె తమ్ముడు ఆర్విడ్ లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఎందుకో ఆమెకు తట్టలేదు. దగ్గు వచ్చిందేమో అనుకుంది. కుర్చీల్లో ఉన్నవాళ్ళు తమ పుస్తకాలను ముందుకూ వెనక్కూ తిప్పుతున్నారు. ముందు వరసలో ఉన్న రిటైర్డ్ టీచరు గ్లెండా చెయ్యెత్తింది.

"ఏ పేజీ చదువుతున్నారు లోర్నాగారూ? నా దాంట్లో ఇది లేదే. షాపువాళ్ళు నాకేమైనా తాలు సరుకు అంటగట్టారా?"

నలుగురు నవ్వారు. లోర్నా తను చదివిన వాక్యం మళ్ళీ చూసుకుంది. 'మంచు గట్టిగానే ఉంది, వెళ్ళరా అని నేనే అన్నాను.'

అది ఆర్విడ్ మాట. గడ్డకట్టిన సరస్సు మీద మంచు విరిగి తన కొడుకు మునిగి చనిపోయిన ఏడాది అక్కతో అన్నాడు. భార్యకు కూడా చెప్పలేదు. మే నెలలో లోర్నా అతని వంటింట్లో కూర్చుని ఆ పేజీ చూపించింది. తీసేయమన్నాడు. తీసేస్తానని మాటిచ్చింది. తన ఇంట్లో ఆమె కాఫీ తాగినప్పుడల్లా ఒక పుస్తకం వస్తోందని అతను ఎత్తిపొడిచాడు. తర్వాత ఆమె తీసేసింది. తీసేశాననే ఇంతవరకూ అనుకుంది.

చేతిలోని పుస్తకం మూసి అట్ట చూసింది. బొమ్మ లేదు. 'దిద్దుబాట్లకు ముందు ప్రతి, అమ్మకానికి కాదు' అని ఉంది. సమీక్షకులకు ముందుగా పంపే ప్రూఫు ప్రతి. ఆమె ఎప్పుడూ ప్రూఫు ప్రతిలోంచే చదువుతుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో పెన్సిలు గుర్తులు అందులోనే ఉంటాయి. ఈ గుర్తులు మార్చిలో పెట్టినవి.

అయినా వాక్యం తీసేశాననే నమ్మకం కుదరలేదు. గ్లెండా పుస్తకం అడిగి తీసుకుని ఆ అధ్యాయమంతా వెతికింది. వాక్యం లేదు. ఆ పుస్తకంతోనే బయటికి నడిచింది. ఆర్విడ్ తన పికప్ ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. ఇంజిను ఆన్ చెయ్యలేదు.

"ఆర్విడ్, అది పుస్తకంలో లేదు."

"ఇప్పుడే చదివావుగా. ఇంతమంది విన్నారు."

"నేను చదివింది పాత ప్రతి."

"మరి ఏది పుస్తకం లోర్నా? నువ్వు చదివిందా, వీళ్ళు కొన్నదా?"

ఆమె గ్లెండా పుస్తకం అందించబోయింది. అతను అందుకోలేదు. దిగి, ఆమె పక్కనుంచే షాపులోకి వెళ్ళి, ఒక ప్రతి కొన్నాడు. సంతకం చేయించుకుంటారా, రచయిత్రి ఇక్కడే ఉన్నారు అని కౌంటరు దగ్గర అమ్మాయి అడిగితే అక్కర్లేదన్నాడు.

షాపు మూసేసరికి కూడా పికప్ అక్కడే ఉంది. లోపల దీపం వెలుగుతోంది. ఆర్విడ్ ముందు స్టీరింగు మీద పుస్తకం తెరిచి ఉంది.