తలుపు వెనక గీతలు

ఆయన్ని అందరూ అద్దాలాయన అంటారు. అద్దాలేమీ అమ్మడు. చెక్క నేలకి పాలిష్ పెడతాడు. ఆయన చెయ్యి పడ్డ నేలలో చూసుకుని తల దువ్వుకోవచ్చు. గీత మీద ముందు గోరు ఆనించి చూస్తాడు. గోరు జారిపోతే దెబ్బ పైపూతకే తగిలినట్టు. ఉక్కు పీచుతో చెక్క నార ఎటు పోతే అటే మెల్లగా రుద్ది, పల్చగా పూత వేస్తే ఆనవాలుండదు.

ఆ పొద్దున వెళ్లింది అల్లుడింటికి. కూతురు పుట్టింటికి వచ్చేసి నెల దాటింది. "గదిలో పెట్టి బయట గడియ వేస్తాడు నాన్నా" అంది. ఈయన అప్పుడే ఓసారి వెళ్లి తలుపు చూశాడు. బయట గడియే లేదు. అల్లుడు చూస్తే నోట్లో నాలుక లేనివాడిలా ఉన్నాడు. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా, సర్దుకో" అని కూతురికే చెప్పాడు. మొన్న అల్లుడు ఫోన్ చేసి, "బీరువా జరిపితే గదంతా గీతలు పడ్డాయి మామయ్యా, ఆవిడొచ్చేలోగా మీ చేత్తో ఓసారి మెరిపించండి" అనేసరికి పొంగిపోయాడు. సాయంత్రం పిల్లని తీసుకొచ్చి దిగబెట్టమని పెళ్లానికి చెప్పి మరీ బయల్దేరాడు.

పనిలో ఆయన పద్ధతి ఒకటే. కిటికీ కింద మొదలుపెట్టి, తలుపుకి వీపు పెట్టి, మోకాళ్ల మీద వెనక్కి వెనక్కి వస్తాడు. చేతి కింద జానెడు తప్ప లోకం కనబడదు. "నేలకి మొగుడు, నాకు చుట్టం" అని పెళ్లాం దెప్పుతూ ఉంటుంది.

మధ్యాహ్నానికి తలుపు దాకా వచ్చాడు. తలుపు వెనక తడిగుడ్డతో తుడిచి, అక్కడున్న గీత మీద అలవాటుగా గోరు పెట్టాడు. పక్కనే ఇంకో గీత. దాని పక్కన ఇంకోటి. నాలుగు, గుమ్మం వైపు లాగినట్టున్నాయి. నాలుగు వేళ్లూ ఆనించి చూశాడు. నాలుగూ సరిపోయాయి.

బీరువాకి వేళ్లుండవు.

లేచి తలుపు తెరిచి, బయటివైపు అరచేత్తో తడిమాడు. కంటికి ఆననిది చేతికి తెలిసింది. కొత్త రంగు కింద, గడియ ఉండాల్సిన ఎత్తులో, మేకు కన్నాలు పూడ్చిన లప్పం.

అల్లుడు టీ గ్లాసుతో వచ్చాడు. "అయిపోవచ్చిందా మామయ్యా? ఆ మూల కూడా కానిచ్చెయ్యండి."

"బీరువా ఇక్కడిదాకా వచ్చిందా బాబూ?"

"వచ్చే ఉంటుంది."

"గడియ ఎప్పుడు పీకావు?"

ఇన్నేళ్లలో అల్లుణ్ణి 'నువ్వు' అనడం అదే మొదలు. అతని నవ్వు మాత్రం చెదరలేదు. "కన్నకూతురు చెప్తే మీరే నమ్మలేదు. ఇప్పుడు మీరు చెప్తే ఎవరు నమ్ముతారు? మిగతావన్నీ మీ చేత్తోనే పోగొట్టారు కదా. పని మాత్రం బ్రహ్మాండం."

జేబులో బటన్ల ఫోన్ మోగింది. పెళ్లాం. "ఏవయ్యా, బయల్దేరుతున్నాం."

"ఆగండి. అమ్మాయికివ్వు."

"ఏంటి నాన్నా?"

"చూశానమ్మా. తలుపు వెనక."

"కిటికీ కింద కూడా చూశావా? అక్కడే ఎక్కువ."

అద్దాలాయన అటు తిరిగాడు. కిటికీ వెలుగంతా ఆ నేలలో తళతళలాడుతోంది. "అక్కడ... పొద్దున్నే..." అని ఆగిపోయాడు.

"సరేలే నాన్నా."

నాలుగు తిట్టినా బాగుండేది.

అల్లుడు గ్లాసు కింద పెట్టి ఉక్కు పీచు అందుకున్నాడు. "తప్పుకోండి. ఆ కాస్తా నేనే రుద్దేస్తా."

అద్దాలాయన తప్పుకోలేదు. ఆ నాలుగు గీతల మీద చతికిలబడ్డాడు. "నువ్వు రాకమ్మా" అన్నాడు ఫోన్లో. "అమ్మని పోలీసుల్ని వెంటబెట్టుకు రమ్మను. నేనిక్కడే కూర్చునుంటా."

వంగిన అల్లుడు నిటారుగా లేచాడు. మామగారి వంక ఓసారి చూసి, బయటికి నడిచి తలుపు లాగేశాడు. అడుగుల చప్పుడు దూరం పోలేదు. అవతలే నిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంటుందో లేదో తెలియాలంటే లేచి లాగి చూడాలి. లేస్తే అతను లోపలికొస్తాడు, గీతలు పోతాయి. మోకాళ్లు సలుపుతున్నా అద్దాలాయన కదల్లేదు.