పిల్లికో తలుపు

“పిల్లి అరుస్తోంది.”

మా ఆయన ఈ మాట కుర్చీలోంచి అంటారు. ఆ కుర్చీ పెరటి తలుపు పక్కనే ఉంటుంది, చెయ్యి చాపితే గడియ అందుతుంది. నేను రెండు గదుల అవతల వంటింట్లో పిండి కలుపుతూ ఉంటాను. చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి, ఆయన చాపుకున్న కాళ్ళ మీదుగా వంగి తలుపు తీస్తాను. పేపర్లోంచి తలెత్తకుండానే ఆయన కాళ్ళు కాస్త ముడుచుకుంటారు. అది నాకు చేసే సాయం. పిల్లి తోక పైకెత్తి బయటికి వెళ్తుంది. నేను తిరిగొచ్చి పిండిలో చెయ్యి పెట్టేసరికి మళ్ళీ అదే మాట, ఈసారి అది లోపలికి రావడానికి. “నాకు చెప్పే ఓపిక ఉన్నవాళ్ళు తలుపు తియ్యలేరా?” అని ఓసారి అడిగాను. “అది పిలిచేది నిన్నోయ్, నన్ను కాదు” అన్నారు. కోపం రావాల్సిన మాటే. రాలేదు. ఈ ఇంట్లో నన్ను, నన్నే, పిలిచే ప్రాణి ఒకటుందన్న సంగతి లోపలెక్కడో వెచ్చగా తగిలింది.

ఆ పిల్లి మా అమ్మాయి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిన నెలలోనే మా పెరట్లోకి వచ్చింది. బూడిదరంగు ఒళ్ళు, ఒక చెవి కొస కత్తిరించినట్టుంటుంది. దానికి మహారాణి అని పేరు పెట్టింది మా అత్తయ్య. “తలుపు తీసినా వెంటనే కదలదు చూడు. ముందు నువ్వు తప్పుకో, నేనొస్తానన్నట్టు నిలబడుతుంది” అనేవారు మధ్యగదిలో మంచం మీదనుంచి.

నేను కళ్ళజోళ్ళ షాపులో వెనకగదిలో పనిచేస్తాను. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం నా పని. ఇరవై రెండేళ్ళ నుంచి అదే పని. ముందు కౌంటర్లో యజమాని వచ్చినవాళ్ళతో “మా ఫిట్టింగు చూడండి, వెంట్రుకవాసి తేడా రాదు” అంటాడు. ‘మా’ అంటే ఎవరో చెప్పడు. సాయంత్రం ఏడింటికి ఇంటికొస్తే రెండో పని మొదలవుతుంది. మా ఆయన రిటైరై రెండేళ్ళయింది. ఎవరైనా వస్తే “ఇప్పుడు నేనే ఇల్లు చూసుకుంటున్నాను” అంటారు. చూడటం మాత్రం నిజం.

ఓ రోజు పొద్దున్నించీ వాన. సాయంత్రం గొడుగు మడిచి లోపలికొస్తే పెరటి తలుపు అవతల గీకుతున్న చప్పుడు, అంతకంటే సన్నగా మూలుగు. తీసి చూస్తే మహారాణి గుమ్మానికి ఒరిగి, తడిసి ముద్దై, గడగడ వణుకుతోంది. తలుపు కింద భాగమంతా గోళ్ళ గీతలు. రాలిన పెయింటు గుమ్మం మీద పొట్టులా పడుంది. ఎంతసేపు పిలిచిందో. ఆయన కుర్చీలోనే ఉన్నారు.

“ఇది అరవలేదా?”

“మధ్యాహ్నం నుంచీ ఒకటే అరుపు.”

“మరి?”

“నువ్వు లేవుగా.”

అందులో వెటకారం లేదు. కోపమూ లేదు. ఉన్న విషయం చెప్పారంతే. గర్భసంచి ఆపరేషనుకి నేను పది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చినప్పుడు కుండీల్లో మొక్కలన్నీ మాడిపోయి ఉన్నాయి, ఫ్రిజ్‌లో పాలు విరిగి గడ్డకట్టాయి, అమ్మాయి బడికి ఒక్కో కాలికి ఒక్కో రంగు మేజోడు వేసుకెళ్ళింది. అప్పుడూ ఇదే మాట. నేను లేకపోతే ఏమేం ఆగిపోతాయో ఈ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నేను లేనని బెంగ పడ్డవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. కుళాయి తిప్పి ‘నీళ్ళు లేవుగా’ అంటారు చూడండి, అలా. ఆ రోజు పిల్లిని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వంటింటి నేల మీద చాలాసేపు కూర్చుండిపోయాను. అన్నం ఇంకా కాలేదా అని రెండుసార్లు వినిపించింది.

మర్నాడు పశువుల డాక్టరమ్మ సూదిమందు వేస్తూ, “పగలు ఇంట్లో ఎవరూ ఉండరా?” అనడిగింది. “ఉంటారు” అన్నాను. ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, “అయితే తలుపుకి క్యాట్ ఫ్లాప్, అదే, పిల్లి తోసుకెళ్ళే చిన్న రెక్క, పెట్టించండి. దాని దారి అదే చూసుకుంటుంది” అంది.

పెంపుడు జంతువుల సామాన్లమ్మే షాపులో నాలుగు రకాలు చూపించారు. ఒకటి మెడపట్టీకి అయస్కాంతం ఉంటేనే తెరుచుకుంటుంది. మహారాణి మెడ ముట్టుకోనివ్వదు. ఒకటి బ్యాటరీది, బ్యాటరీ అయిపోతే మార్చేది మళ్ళీ నేనే. ఒకటి తెల్లటి రేకు. అవతల ఏముందో కనబడని చోట పిల్లి తల పెట్టదు కదా అని అదీ వద్దన్నాను. చివరికి అద్దంలాంటి ప్లాస్టిక్ రెక్క ఉన్నది తీసుకున్నాను. పక్కన చిన్న మీట ఉంది: పూర్తిగా మూసెయ్యొచ్చు, రెండువైపులా వదలొచ్చు, బయటికి మాత్రమే వెళ్ళేలా, లోపలికి మాత్రమే వచ్చేలా కూడా పెట్టొచ్చు. “చాలామంది లోపలికి మాత్రమే పెట్టేస్తారమ్మా. ఒకసారి వచ్చాక ఇంక పోదు, గొడవ ఉండదు” అన్నాడు షాపతను. “నేను రెండువైపులా పెడతాను” అన్నాను, అవసరం లేనంత గట్టిగా. “మీ ఇష్టం” అన్నాడతను. ఆ మాట నాతో ఎవరైనా అని ఎన్నాళ్ళయిందా అని బస్సులో దారి పొడుగునా ఆలోచించాను. గుర్తు రాలేదు.

ఆదివారం వడ్రంగి వచ్చాడు. కొలతలు రాసిన కాగితం చేతికిచ్చాను. పిల్లి భుజాల వెడల్పు, దాని పొట్ట నేలకి ఎంత ఎత్తులో ఉంది, రెక్క ఎక్కడ మొదలవ్వాలి, అన్నీ రాశాను. అతను కాగితం అటూ ఇటూ తిప్పి, “సార్‌కి తెలుసా అమ్మగారూ?” అన్నాడు.

“చెప్పాను. మీరు కొయ్యండి.”

అయినా లోపలికెళ్ళి ఆయన్ని అడిగి తీసుకొచ్చాడు. ఆయన తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. “మా నాన్న దగ్గరుండి చేయించిన తలుపయ్యా ఇది. దీనికి కన్నం పెడతానంటుందేమిటి?” ఇది వడ్రంగితో. నాతో కాదు. “ఆలోచిద్దాంలే. మా ఆవిడకి పనేం లేక, పిల్లితో ఇదో కాలక్షేపం.”

వడ్రంగి నవ్వాడు. మధ్యగదిలోంచి అత్తయ్య గొంతు, “కన్నాలు వేసేవాళ్ళు బయటినుంచి వేస్తారు, మా కోడలు లోపలినుంచి వేస్తోందిరా!” ఈసారి ఇద్దరూ పగలబడి నవ్వారు. పొద్దున్న అయిదింటికి లేచి, వంట చేసి, బట్టలుతికి, వడ్రంగికి టీ ఇచ్చి, అతను తాగిన గ్లాసు కడుగుతూ, పనేం లేని నేను ఆ నవ్వులు విన్నాను.

‘ఆలోచిద్దాం’ అంటే మా ఇంట్లో ఏమిటో నాకు తెలుసు. కళ్ళు పరీక్ష చేసే కోర్సు చదువుతానన్నప్పుడు ఆలోచిద్దామన్నారు. అప్పుడు అమ్మాయికి మూడేళ్ళు. ఇప్పుడు ఇరవై ఆరు. ఆయన ఎప్పుడూ వద్దనలేదు, ఎవరిముందైనా ఒట్టేసి చెప్పగలరు.

గురువారం ఆయన పాత ఆఫీసువాళ్ళతో కలిసి పొద్దున్నే ఊరవతలికి వెళ్ళారు. నేను షాపుకి సెలవు పెట్టాను. జ్వరం గాని, చావు గాని, చుట్టాలు గాని లేకుండా నేను పెట్టిన మొదటి సెలవు అది. పదింటికి ఆ కొలతల ప్రకారం కాగితం కత్తిరించి తలుపుకి అంటించాను. ఆయన ఎప్పుడో కొని డబ్బా కూడా విప్పని డ్రిల్లింగ్ మిషన్ తీసి నాలుగు మూలలా బెజ్జాలు పెట్టాను. మొదటి బెజ్జం మధ్యలో రెండుసార్లు మిషన్ ఆపేశాను. రెండోదానికి ఆపలేదు. పావు మిల్లీమీటరు తేడా కూడా రాకుండా గాజు అరగదీసే చెయ్యి ఇది, చెక్కని చూసి భయపడటమేమిటని నన్ను నేనే కసురుకున్నాను. సన్నమొన రంపం బెజ్జంలో దూర్చి కొయ్యడం మొదలుపెట్టాను. నలభై ఏళ్ళ తలుపు, పైన ఎన్ని పూతల పెయింటో. లోపల చెక్క మాత్రం నిన్న కోసినంత ఎర్రగా ఉంది.

చప్పుడుకి అత్తయ్య కర్ర ఊతతో లేచి వచ్చారు.

“నిజంగానే కోస్తున్నావా!”

“అవునత్తయ్యా.”

“వాడొస్తే?”

“వస్తే చూస్తారు.”

ఆవిడ వెళ్ళిపోతారనుకున్నాను. అక్కడే నిలబడ్డారు. అరచేతిలో బొబ్బలు లేచేసరికి చెక్కముక్క ఊడి అవతల పడింది. లోపలి చట్రం నేను బిగించగలను గాని, బయటి చట్రం ఎవరైనా అటువైపునుంచి నొక్కి పట్టుకోవాలి. అడగాలా వద్దా అని కాసేపు ఆగి, అడిగాను. అత్తయ్య గోడ పట్టుకుని మెల్లగా పెరట్లోకి దిగి, పీట వేసుకుని కూర్చుని, రెండు చేతులా చట్రం పట్టుకున్నారు. నేనిటు నేల మీద కూర్చుని మర బిగించబోతూ తలెత్తితే, ఆ కన్నంలోంచి ఆవిడ మొహం. ఈ ఇంటికొచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. అంత దగ్గరగా ఆవిడ మొహం నేనెప్పుడూ చూడలేదు. ఎండ సూటిగా కళ్ళలో పడుతోంది. ఎడమ కంట్లో పాలమీగడలా తెల్లటి పొర.

“అత్తయ్యా, కుడికన్ను మూసుకుని నన్ను చూడండి.”

“ఎందుకే?”

“చూడండి. కనబడుతున్నానా?”

ఆవిడ కుడికన్ను గట్టిగా మూసుకున్నారు. “అక్కడెవరో ఉన్నారని తెలుస్తోంది” అన్నారు.

“ఎన్నాళ్ళ నుంచి ఇలా?”

“రెండేళ్ళు ఉండదూ! వాడికి చెప్పాను.”

“ఏమన్నారు?”

“ఆలోచిద్దామన్నాడు.”

రోజంతా ఊళ్ళోవాళ్ళ కళ్ళకి అద్దాలు బిగించి ఇంటికొస్తున్నాను. కంచం పక్కన గ్లాసు కోసం ఆవిడ చెయ్యి తడుముకుంటుంటే, వయసు కదా అనుకున్నాను. అనుకుని గ్లాసు దగ్గరికి జరిపాను. “నాకెందుకు చెప్పలేదు?” అన్నాను.

“నువ్వెప్పుడు కూర్చున్నావే, చెప్పడానికి?”

సాయంత్రం ఆయన వచ్చారు. తలుపు చూశారు. పెద్దగా అరవలేదు. “ఎవరినడిగి చేశావు?” అన్నారు. నేను మధ్యగది వైపు చూశాను. ‘నేనే పట్టుకున్నానురా’ అని ఒక్క మాట వస్తుందేమోనని. అత్తయ్య గోడవైపు తిరిగి, దుప్పటి మెడదాకా లాక్కున్నారు. నిద్రపోవడం లేదు, నాకు తెలుసు. నాలుగు గదుల ఇంట్లో ముగ్గురు మనుషుల మధ్య నాకంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు. ఆయన మాటలు మానేశారు.

మహారాణి కూడా పంతం పట్టింది. మూడు రోజులు ఆ రెక్క ముందు కూర్చుని నా మొహంలోకే చూసేది, ఇదేమిటి, నువ్వు తియ్యాలి గాని అన్నట్టు. లేచి తీసెయ్యాలని చేతులు లాగేవి. బట్టల క్లిప్పుతో రెక్క పైకెత్తి కట్టి, అవతల చేపముక్క పెట్టి, తల అటు తిప్పుకుని కూర్చున్నాను. నాలుగోరోజు టక్కుమని చప్పుడు. తర్వాత ఇంకోటి. వెళ్ళింది, వచ్చింది. ఇక నన్ను చూడటం మానేసింది.

ఆ వారం నాకో సంగతి అర్థమైంది. ఆయనకి కోపం ఎప్పుడో పోయింది. కానీ మాటలు మాత్రం తిరిగి రాలేదు. ఎందుకంటే నాతో అనడానికి ఆయన దగ్గర ఇంకో మాట లేదు. ఇన్నాళ్ళూ పిల్లి అరుస్తోందనీ, అన్నం కాలేదా అనీ వినబడుతుంటే అవే మాటలనుకున్నాను, మేమిద్దరం మాట్లాడుకుంటున్నామనుకున్నాను. ఇప్పుడు రెక్క టక్కుమంటుంది, ఆయన పేపరు తిప్పుతారు, నేను పిండి కలుపుతాను. చేతులు కడుక్కోవాల్సిన పని లేదు. ఏడుపొచ్చింది. పిల్లి కోసమా, ఇరవై ఎనిమిదేళ్ళ కోసమా, తెలియలేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఆయన బజారుకి వెళ్ళినప్పుడు, అంట్లు అలాగే వదిలేసి అత్తయ్య మంచం మీద కూర్చున్నాను. ఆవిడ ఆశ్చర్యంగా కాళ్ళు పక్కకి జరిపారు.

“ఆ రోజు ఒక్క మాటైనా అనలేదేం అత్తయ్యా?”

“అంటే నీకా పూట బాగుండేదే. తెల్లారితే నువ్వు షాపుకి పోతావు. రోజంతా వాడితో ఉండాల్సింది నేను.”

కోపం తెచ్చుకుందామని వెతుక్కున్నాను. దొరకలేదు. మేమిద్దరం ఆయన మూడ్ చూసుకుని దగ్గడం కూడా ఆపుకునేవాళ్ళమే. ఒకరి సంగతి ఒకరికి తెలియనివ్వలేదు, అంతే.

“కంటి డాక్టరుకి చూపించుకుంటారా? ఆపరేషనంటే చేయించుకుంటారా?”

ఆవిడ నావైపు తిరిగారు. బాగున్న కన్నుతో చాలాసేపు చూశారు.

“నన్నడుగుతున్నావా?”

“మిమ్మల్నే.”

దుప్పటి అంచు వేళ్ళతో మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు. ఆ తర్వాత తలూపారు.

మర్నాడు పొద్దున్న టిఫిను పెడుతూ, “ఎల్లుండి అత్తయ్యని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఆపరేషను చెయ్యాలంటే చేయిస్తాను” అన్నాను.

ఆయన పేపరు దించారు. పదకొండు రోజుల తర్వాత నోరు విప్పారు.

“ఎవరినడిగి?”

“అత్తయ్యని అడిగాను” అన్నాను.