తిరుగుడు పెట్టె విన్న మాట

నేను ఒక తిరుగుడు పెట్టెను. గుంటూరు దగ్గర కన్యాస్త్రీల మఠం గోడలో ఇరుసు మీద గుండ్రంగా తిరిగేదాన్ని. వడ్రంగి ప్రకాశం నన్ను టేకు చెక్కతో పీపాలా చేసి, ఒక పక్కే తెరిచి ఉంచాడు. బయటివాళ్లు నా కడుపులో ఏదన్నా పెట్టి తిప్పితే లోపలివాళ్లకు అందుతుంది. ఒకరి ముఖం ఒకరికి కనబడదు.

లోకాన్ని వదిలి దేవుని పిలుపుకు వచ్చామంటారు గానీ, ఆ లోకం రోజూ నాలోంచే దూరేది. పాలచెంబు, మునక్కాయలు, కూతురి పెళ్లి కుదరాలని మొక్కి ఎవరో తెచ్చిన అరటిగెల. లోపల్నుంచి చర్చిలో పూజకు పంచే పల్చటి అప్పాలు వెళ్లేవి. సిస్టర్లు తెల్లవారకముందే జపం ముగించి, మాటామంతీ లేకుండా పిండి కలిపి, ఇనప అచ్చులో కాల్చేవారు.

నా పక్కన పీట మీద కూర్చుని వచ్చినవాళ్ల కబురు అందుకునే పని సిస్టర్ సెసీలియాది. ఇంట్లో పెట్టిన పేరు లూర్దు. మఠానికి బయల్దేరిన నాడు తల్లి శౌరమ్మ, "గడప దాటావా, నువ్వు నాకు లేనట్టే" అన్నదట. ఆ తర్వాత రాకపోకల్లేవు.

ఒక పవిత్ర శుక్రవారం శౌరమ్మ వచ్చింది. ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన ఆ రోజు మఠంలో గంట కూడా మోగదు. ఆయన తిరిగి లేచిన ఆదివారం, పాస్కా పండుగ దాకా ఎవరూ నోరు విప్పరు. ఎవరన్నా వస్తే, విన్నామన్నట్టు నా చెక్క మీద ఒక్క తట్టు తడతారు, అంతే.

"స్తోత్రం సిస్టరమ్మా! లోపల ఎవరన్నా ఉన్నారా, గోడకు చెప్పుకుంటున్నానా?"

సెసీలియా తట్టింది.

"హమ్మయ్య. నేను మా లూర్దు తల్లిని. నోటికొచ్చింది అని పంపాను దాన్ని. ప్రభువు అందర్నీ క్షమించిన రోజు గదా, ఇవాళైతే అదీ కాదనదని వచ్చా. తెల్లారితే ఆసుపత్రిలో కడుపు కోస్తారంట. లేస్తానో లేదో. కోపం లేదని దాని నోటి మాట ఒక్కటి తెచ్చిపెట్టు తల్లీ. అసలు తింటందా అది? మీ అప్పంలా పల్చబడిపోయుంటది."

ఇవతల సెసీలియా పెదవులు కదిలాయి. అరచెయ్యి నా మీద ఆనించింది. ఈ మాట మింగడమే తన వంతు సిలువ అనుకుంది పిచ్చిపిల్ల. మళ్లీ తట్టింది.

"తడితే ఏం తెలుస్తది తల్లీ? ఉందనా, లేదనా?"

శౌరమ్మ ఎండ నడినెత్తికొచ్చేదాకా కూర్చుంది. "బస్సు పోద్ది" అని ఎవరికో చెప్పినట్టు చెప్పి, వెళ్లిపోయింది.

పండుగ పొద్దున సెసీలియా మఠం పెద్ద మదర్ ఫిలోమినా దగ్గర ఏడ్చేసింది.

"అయ్యో పిల్లా! మౌనం దేవుడి కోసంగానీ, కన్నతల్లిని ఏడిపించడానికా? అవసరానికి మాట్లాడొద్దని నీకెవరు చెప్పారే?" అంటూనే మదర్ ఫోను దగ్గరికి పరుగెత్తింది. ఆపరేషన్ అయ్యాక శౌరమ్మకు తెలివి రాలేదని ఆసుపత్రివాళ్లు చెప్పారు. సాయంత్రానికి పోయింది.

ఇప్పుడు నా చోట అద్దం కిటికీ పెట్టారు. నన్ను ఆ పక్కనే కొట్టుగదిలో పడేసి, ఉల్లిపాయలు పోశారు. ఆదివారాలు కిటికీ దగ్గరికి తల్లులు వస్తారు. చిక్కిపోయావని, ఉత్తరం రాయవని కూతుళ్లతో తగువు పెట్టుకుంటారు. కూతుళ్లూ తగ్గరు. ఉల్లిపాయల కోసం వచ్చిన సెసీలియా, చేట చేతిలోనే పెట్టుకుని, ఆ తగువు అయిపోయేదాకా నిలబడి వింటుంది. ఆమెకు ఆ పాటి తగువన్నా దక్కలేదు.