నత్త పడుకుంది, కాయిన్ లేచింది

ఆరేళ్లుగా నత్తల ముందు కూర్చున్న మనిషికి ఎంత ఓపిక ఉండాలో మీరే ఊహించుకోండి. మన నత్తల మేడంకు అంతకు రెండింతలుంది. ఆవిడ తేల్చాలనుకున్నది ఒకే ఒక్క సంగతి. గుల్లలోకి దూరి, మూతికి పల్చటి తెర కట్టుకుని రోజుల తరబడి పడుకునే నత్త, ఎవరూ లేపకుండా తనంతట తాను ఎప్పుడు లేస్తుంది, ఎందుకు లేస్తుంది? ప్రయోగశాల పెద్దసారుకు మాత్రం ఈ ప్రశ్న చెవికెక్కితే ఒట్టు.

"లోకం రాకెట్లెక్కి పోతుంటే నువ్వు నత్త దగ్గరే ఉన్నావమ్మా. డబ్బు తెచ్చుకో, లేదంటే గది ఖాళీ చెయ్యి," అన్నాడు.

ఆవిడ తమ్ముడు కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాడు. అక్క కళ్లనీళ్లు చూసి తట్టుకోలేక, వారం తిరిగేసరికి 'నత్త కాయిన్' అని ఒక డిజిటల్ నాణెం పుట్టించాడు. మేడం తన నత్తలకు గోళ్లరంగుతో గుర్తులు పెడుతుంది. తొమ్మిదో నంబరు నత్తది ఎర్రచుక్క. పైకప్పుకు బిగించిన కెమెరా ఆ ఎర్రచుక్కను కనిపెడుతూ ఉంటుంది. చుక్క కదిలితే కాయిన్ ధర పెరుగుతుంది, ఆగితే పడుతుంది. అమ్మకాల్లో కొంత వాటా ప్రయోగశాలకు.

ఇంకేముంది, జనం ఎగబడ్డారు! కుర్రకారు వీధుల్లో నత్తనడక మొదలుపెట్టి బస్సులు అందుకోలేకపోయారు. నత్త డాన్సొకటి వచ్చింది, ఒక్కో స్టెప్పుకు పావుగంట. పక్కగదిలో దోమల శాస్త్రవేత్త తన దరఖాస్తులో 'దోమ' అన్నచోటల్లా కొట్టేసి 'ఎగిరే నత్త' అని రాసుకున్నాడు, సిగ్గులేకుండా. మేడం గదికి ఏసీ వచ్చింది, పెద్దసారుకు గుండ్రంగా తిరిగే కుర్చీ వచ్చింది.

సరిగ్గా అప్పుడే తొమ్మిదో నంబరు గుల్లలోకి దూరి తెర కట్టుకుని పడుకుంది. మేడం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కాయిన్ ధర మాత్రం నేల చూపులు చూసింది. మూడోరోజు పెద్దసారు నీళ్లు చిమ్మే సీసా పట్టుకుని దిగాడు.

"రెండు చుక్కలు చల్లితే అదే లేస్తుంది."

"సార్, మీకు దండం పెడతాను! ఒక్క చుక్క పడినా ఆరేళ్ల కష్టం మట్టిలో కలుస్తుంది."

"నీ కష్టం తర్వాత. ధర చూశావా?" అంటూ ఆయన నత్త ఉన్న తొట్టి మీదకు వంగాడు.

నున్నటి బట్టతల ఆవిడ ముక్కు కిందకొచ్చింది. అప్పటిదాకా గుర్తులు దిద్దుతోందేమో, చేతిలో గోళ్లరంగు కుంచె ఉంది. ఏం చేస్తున్నానో అనుకునేలోపే నడినెత్తిన ఎర్రచుక్క పెట్టేసింది. రెండో చేత్తో తొట్టిని నల్లగుడ్డతో కప్పేసింది.

"సార్! పెరిగింది!" మూల బల్ల దగ్గర ధర చూస్తూ కూర్చున్న తమ్ముడు కేకేశాడు.

పెద్దసారు సీసా వదిలేసి అటు పరుగెత్తాడు. ధర ఇంకా పెరిగింది. ఇటొచ్చాడు, మళ్లీ పెరిగింది. ఆగాడు, పడింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశారా? అంతా నా అడుగు మహిమ!"

అది మొదలు పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా ఆ గదిలో పచార్లే పచార్లు. రంగు వెలిసినప్పుడల్లా మేడం, "సార్, నెత్తిమీద ఈగ," అని ఇంకో చుక్క పెట్టేది.

"ఒరేయ్, కెమెరాలో చూస్తే జనం కనిపెట్టరూ?" అని తమ్ముణ్ని గుసగుసగా అడిగింది.

"ఎవరు చూస్తారక్కా? అందరూ గ్రాఫే చూస్తారు. నత్తను చూసేది నువ్వొక్కదానివే."

ఆ మాటకు ఆవిడ మనసు చివుక్కుమంది.

నత్త పడుకున్న ఇరవై మూడోరోజు, పెద్దసారు భోజనానికి వెళ్లినప్పుడు, మేడం గుడ్డ ఎత్తి చూసింది. తెర చిరిగింది. రెండు కొమ్ములు బయటికొచ్చాయి. ఎవరూ లేపలేదు, చుక్క నీరు పడలేదు. తెల్లవారినప్పటి నుంచి గాలి ఒత్తిడి తగ్గుతూ వచ్చిందంతే. సాయంత్రం వాన దంచికొట్టింది. వానకన్నా ఐదు గంటల ముందే నత్తకు తెలిసిపోయింది! మేడం తమ్ముణ్ని పట్టుకుని బావురుమంది.

తన పరిశోధన వ్యాసంలో అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసింది. 'ఆ రోజుల్లో కదిలిన ఎర్రచుక్క మా పెద్దసారు నెత్తి మీదిది' అని కూడా.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా, ఆ ఒక్క వాక్యం తీసెయ్. కాయిన్ కుప్పకూలుతుంది."

"కూలనీరా. అది తీసేస్తే నా నత్త నిద్రలో నడిచిందంటారు."

వ్యాసం అచ్చయింది. అక్కాతమ్ముళ్లు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆ రోజు కాయిన్ పెరిగింది. మర్నాడూ పెరిగింది. కొన్న లక్షలమందిలో ఒక్కరూ చదవలేదు. పెద్దసారూ చదవలేదు, ఆయనకు పచార్ల నుంచి తీరికేదీ? తిట్లకు సిద్ధపడిన మేడం దీనికి సిద్ధపడలేదు.

"తిట్టినా బాగుండేదిరా," అని కళ్లు తుడుచుకుంది.

నెల తర్వాత ఒక ఉత్తరమొచ్చింది, ఎవరో రిటైరైన బడిపంతులమ్మ దగ్గర్నుంచి.

'అమ్మా, మీ వ్యాసం రెండుసార్లు చదివాను. మీ పెద్దసారు నెత్తితో నాకు పనిలేదు. లేచాక నత్త మొట్టమొదట ఏం తింది? ఎందుకు రాయలేదు?'

మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది. వెనక పెద్దసారు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. ఆవిడ ఆరు పేజీల జవాబు రాసింది.